బేకన్ తెచ్చేదెవరు? వండేదెవరు?

(స్త్రీల సంఘాల కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో భాషకూ పితృస్వామ్యానికీ ఉన్న సంబంధం గురించి మాట్లాడమని నన్ను అడిగారు. స్త్రీలను కించపరిచే తిట్ల గురించి, సామెతల గురించి మన సమావేశాల్లో ఇదివరకే చాలా చర్చ జరిగింది. అవి వింటే మనకు కోపం వస్తుంది, కాబట్టి గుర్తుపడతాం. ఈ రోజు ఎవరికీ కోపం తెప్పించని ఒక మాటను తీసుకుందామనుకున్నాను. అది ఇంగ్లీషు నానుడి. 'బ్రింగింగ్ హోమ్ ద బేకన్' అంటారు. బేకన్ అంటే ఉప్పు పట్టించి నిలవ చేసిన పంది మాంసం. ఇంటికి బేకన్ తేవడమంటే సంపాదించి ఇల్లు గడపడమని అర్థం. పోటీలో గెలిచి రావడం, వెళ్ళిన పని సాధించుకు రావడం అనే అర్థాల్లో కూడా వాడతారు. కంపెనీకి పెద్ద ఆర్డరు పట్టుకొచ్చిన ఉద్యోగిని కూడా బేకన్ తెచ్చాడనే మెచ్చుకుంటారు.

మనమెవరం రోజూ వాడని ఈ నానుడితో మనకేం పని అని మీకనిపించవచ్చు. మన ప్రాజెక్టు రిపోర్టుల్లో తరచుగా కనిపించే 'బ్రెడ్ విన్నర్' అనే మాట దీనికి తోబుట్టువే. ఇంటి బయట సంపాదించేవాడొకడు, ఇంట్లో కూర్చుని తినేవాళ్ళు కొందరు అనే బొమ్మ ఈ రెండు మాటల్లోనూ ఉంది. ఆ బొమ్మ కూలి రేట్లలోకి, బీమా చట్టాల్లోకి, జనాభా లెక్కల్లోకి, చివరకు మనం నింపే సర్వే ఫారాల్లోకి ఎలా వచ్చిందో చూడటమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ముందుగా నానుడి పుట్టుక. ఇంగ్లండులోని ఎసెక్స్ జిల్లాలో డన్మో అనే ఊళ్ళో ఒక పాత ఆచారం ఉంది. పెళ్ళయ్యాక ఏడాదీ ఒక రోజూ పోట్లాడుకోకుండా కాపురం చేసిన దంపతులకు ఒక బేకన్ ముక్క బహుమతిగా ఇస్తారు. 14వ శతాబ్దపు కవి ఛాసర్ కూడా ఈ ఆచారాన్ని ప్రస్తావించాడు. నానుడి అక్కడే పుట్టిందని చాలామంది చెబుతారు గాని దానికి ఆధారం లేదు. అది జనం నోళ్ళలో పడటానికి కారణం 1906 సెప్టెంబరు 3న అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, గోల్డ్‌ఫీల్డ్ అనే గనుల ఊళ్ళో జరిగిన ఒక బాక్సింగ్ పోటీ. ఒకవైపు జో గాన్స్ అనే నల్లజాతి ఛాంపియన్, మరోవైపు బ్యాట్లింగ్ నెల్సన్ అనే తెల్లవాడు. పోటీకి ముందు గాన్స్‌ను పెంచిన తల్లి బాల్టిమోర్ నుంచి టెలిగ్రాం ఇచ్చింది, బేకన్ ఇంటికి తీసుకురా నాయనా అని. గాన్స్ 42వ రౌండులో గెలిచాడు. టెలిగ్రాం సంగతి పత్రికల్లో వచ్చి, ఆ మాట దేశమంతా పాకింది.

ఈ కథలో రెండు విషయాలు గమనించాలి. ఆ మాటను ప్రచారంలోకి తెచ్చింది ఒక నల్లజాతి స్త్రీ, ఒక తల్లి. కొడుకు గెలిస్తేనే ఇల్లు నిలబడుతుందన్న ఆత్రం అందులో ఉంది. రెండోది, పోటీలో గెలిచింది గాన్స్ అయినా డబ్బులో పెద్ద వాటా తీసుకున్నది ఓడిన తెల్లవాడు. ఒప్పందమే అలా రాయించుకున్నారు. అంటే బేకన్ ఎవరు తెచ్చారన్న ప్రశ్నకు జవాబు కష్టపడినవాడి చేతుల్లోనే లేదు, లెక్క రాసేవాడి చేతుల్లో కూడా ఉంది. స్త్రీల విషయంలో జరిగింది సరిగ్గా ఇదే.

తిండిని బట్టి ఇంటి మనుషులకు పేర్లు పెట్టడం ఇంగ్లీషుకు చాలా పాత అలవాటు. ప్రభువు అనే అర్థంలో వాడే 'లార్డ్' అనే మాటకు పాత ఇంగ్లీషులో రొట్టె కాపలాదారు అని అర్థం. 'లేడీ' అంటే రొట్టె పిండి పిసికేది. యజమాని రొట్టె తినే సేవకుణ్ణి రొట్టె తినేవాడు అనేవారు. కాపలా కాసేవాడు పెద్ద, పిసికేది ఆయన ఇల్లాలు, తినేవాడు నౌకరు. పిండి పిసికితే తప్ప రొట్టె కాదు గదా! అయినా అధికారం పిసికినదానికి రాలేదు.

దీన్ని చూసి మనం నవ్వుకోనక్కరలేదు. మనం రోజూ వాడే 'భర్త' అనే మాటకు భరించేవాడు, పోషించేవాడు అని అర్థం. 'భార్య' అంటే పోషింపబడవలసినది. పైగా 'ఉద్యోగం పురుష లక్షణం' అని ఒక నీతి వాక్యం. అయితే ఇది ఎవరి ఇళ్ళలో నిజం? వ్యవసాయ కూలికి వెళ్ళే దళిత స్త్రీ, బహుజన స్త్రీ ఎప్పుడు ఇంట్లో కూర్చుని తిన్నది? కూలి గింజలు ఇచ్చే రోజుల్లో ఆమె పొద్దుగూకేదాకా వంగి పనిచేసి, గింజలు ఒడిలో పోసుకుని వచ్చి, దంచి, చెరిగి, వండి, అందరికీ పెట్టి, మిగిలితే తిన్నది. ఇంటికి తిండి తెచ్చింది ఆమే, దాన్ని తిండిగా మార్చిందీ ఆమే. ఆ ఇంట్లో కూడా 'భార్య' అనే మాటకు అర్థం మారలేదు. పైకులాల ఇళ్ళలో పుట్టిన బొమ్మను అందరి ఇళ్ళకూ తగిలించారు.

ఇక చట్టం దగ్గరికి వద్దాం. ఆస్ట్రేలియాలో 1907లో హార్వెస్టర్ తీర్పు అనే ఒక ప్రసిద్ధమైన తీర్పు వచ్చింది. కోత యంత్రాలు తయారు చేసే ఒక ఫ్యాక్టరీ విషయంలో జస్టిస్ హిగిన్స్ న్యాయమైన కూలి ఎంత అని విచారించాడు. యజమాని ఎంత ఇవ్వగలడని కాక, మనిషిలా బతకడానికి కార్మికుడికి ఎంత కావాలని అడిగాడు. కార్మిక ఉద్యమానికి అది గొప్ప విజయం. నైపుణ్యం లేని కూలీకి రోజుకు 7 షిల్లింగులని నిర్ణయించాడు. అయితే ఆ మనిషి ఎవరు? భార్యనూ ముగ్గురు పిల్లలనూ పోషించే మగవాడు. మరి ఆడ కార్మికురాలి సంగతి 1912లో వచ్చింది. మిల్డూరా పండ్ల తోటల్లో కోసే స్త్రీలకు మగవాళ్ళతో సమానంగా ఇవ్వాలన్నాడు. ఆడవాళ్ళకు తక్కువిస్తే యజమానులు మగవాళ్ళను మానిపించి వాళ్ళనే పెట్టుకుంటారు కాబట్టి! పండ్లను పెట్టెల్లో సర్దే పని మాత్రం 'ఆడవాళ్ళ పని', కాబట్టి దానికి తక్కువ. ఆ స్త్రీకి కుటుంబ భారం ఉండదని ముందే అనుకున్నారు. 1919 తర్వాత స్త్రీల మూల వేతనం మగవాళ్ళ వేతనంలో సుమారు 54 శాతంగా స్థిరపడింది. 1950లో 75 శాతం అయింది. సమాన పనికి సమాన వేతనం 1969లో, సమాన విలువ గల పనికి సమాన వేతనం 1972లో వచ్చాయి. మగవాడి కనీస వేతనం స్త్రీలకు కూడా వర్తించింది 1974లోనే. 1907 నుంచి లెక్కపెట్టండి, 67 ఏళ్ళు. ఆ 67 ఏళ్ళలో పిల్లలను పెంచిన వితంతువులకు, మొగుళ్ళు వదిలేసిన వాళ్ళకు, తల్లిదండ్రులను సాకిన పెళ్ళికాని కూతుళ్ళకు బేకన్ ఎవరు తెచ్చారు? ఆ ప్రశ్న లెక్కలోకే రాలేదు.

మన దేశంలో 1957లో జరిగిన 15వ భారత కార్మిక సమ్మేళనం అవసరాల మీద ఆధారపడిన కనీస వేతనానికి సూత్రాలు తయారు చేసింది. కార్మిక సంఘాలు నేటికీ ఆధారంగా చూపించే మంచి సూత్రాలవి. సంపాదించేవాడు ఒకడు, అతని మీద ఆధారపడిన కుటుంబం మొత్తం 3 వినియోగ యూనిట్లు. మగవాడు 1, స్త్రీ 0.8, ఇద్దరు పిల్లలు ఒక్కొక్కరు 0.6. స్త్రీల, పిల్లల సంపాదనను లెక్కలోకి తీసుకోరాదని కూడా రాశారు. దీన్ని మనం జాగ్రత్తగా చదవాలి. స్త్రీ సంపాదనను కలిపితే యజమాని ఆ మేరకు మగవాడి కూలి తగ్గిస్తాడు, కాబట్టి కలపవద్దన్నారు. ఆ ఉద్దేశాన్ని నేను తప్పు పట్టను. కుటుంబానికి సరిపోయే వేతనం కావాలని ఎందరో కార్మిక స్త్రీలు కూడా పోరాడారు. కానీ ఫలితం చూడండి. ఆమె కష్టానికి లెక్క లేదు, ఆమె కడుపు మాత్రం మగవాడి కడుపులో 0.8.

ఇప్పుడు దీన్ని తిరగేసి చూద్దాం. స్త్రీయే బేకన్ తెస్తే చట్టం ఏమంది? అమెరికాలో ఒక స్కూలు టీచరు 1972లో కాన్పులో చనిపోయింది. ఆ ఇంట్లో ప్రధానమైన సంపాదన ఆమెదే. సామాజిక భద్రతా పథకానికి జీతంలోంచి అందరిలాగే చందా కట్టింది. పసిబిడ్డతో మిగిలిన భర్త బిడ్డను చూసుకోవడానికి భృతి కావాలని వెళితే, ఆ భృతి తల్లులకే, తండ్రులకు లేదన్నారు. పైకి ఇది మగవాడికి జరిగిన అన్యాయంలా కనిపిస్తుంది. వాదించిన న్యాయవాది రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ అన్యాయం స్త్రీకి కూడా జరిగిందని చూపించారు. మగవాడు కట్టిన డాలరుతో అతని కుటుంబానికి దొరికే రక్షణ, అదే డాలరు కట్టిన స్త్రీ కుటుంబానికి దొరకలేదు. ఆమె సంపాదన పైసంపాదన, చేతిఖర్చు అనే భావనే దానికి మూలం. 1975లో వీసెన్‌ఫెల్డ్ కేసుగా పేరుపొందిన తీర్పులో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ నిబంధనను కొట్టేసింది.

ఆ తర్వాత మార్కెట్టు ఏం చేసిందో చూడండి. 1978లో అమెరికాలో ఎంజొలీ అనే సెంటు వచ్చింది. దాని టీవీ ప్రకటన ఈ నానుడి మీదే నడిచింది. ఒక స్త్రీ ఆఫీసు దుస్తుల్లో వచ్చి, బేకన్ ఇంటికి తేగలనంటుంది. వంటింట్లోకి వెళ్ళి పెనం మీద దాన్ని వేయించగలనంటుంది. రాత్రి దుస్తులు మార్చుకుని, నీ మగతనాన్ని నువ్వు మరిచిపోకుండా చూసుకుంటానంటుంది. 24 గంటల స్త్రీకి 8 గంటల పరిమళమట! స్త్రీవాదులు అడిగింది ఏమిటి? తేవడం, వండడం ఇద్దరూ పంచుకోవాలని. మార్కెట్టు ఇచ్చింది ఏమిటి? రెండూ నువ్వే చెయ్యి, పైగా అలిసినట్టు కనపడకు అని. సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1989లో 'ద సెకండ్ షిఫ్ట్' అనే పుస్తకం ప్రచురించింది. ఉద్యోగం, ఇంటిపని కలిపి లెక్కిస్తే స్త్రీలు మగవాళ్ళకన్నా ఏడాదికి ఒక నెల ఎక్కువ పనిచేస్తున్నారని తేల్చింది. రోజుకు 24 గంటల చొప్పున లెక్కగట్టిన నెల అది.

కాబట్టి స్త్రీలకు ఉపాధి కల్పించామని రాసి రిపోర్టు ముగించడం సరిపోదు. స్త్రీ బయటికి వెళ్ళింది సరే, పెనం దగ్గరికి ఎవరు వచ్చారు?

నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో బీడీలు చుట్టే ఇళ్ళను చూస్తే ఈ నానుడి మరో రకంగా బోల్తా పడుతుంది. నేను క్షేత్ర పరిశోధనకు వెళ్ళిన ఒక ఇంట్లో, మీ భార్య ఏం పని చేస్తుందని అడిగితే ఆ ఇంటాయన, "ఇంట్లనే ఉంటది మేడం. ఊకె కూసుండుడు ఎందుకని బీడీలు చేస్తది" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆమె ఒడిలో చేట ఉంది, చేతులు ఆగలేదు. ఆకు కత్తిరించడం, తంబాకు నింపడం, చుట్టడం, దారం కట్టడం, మధ్యలో పొయ్యి మీద అన్నం చూడటం. అతను ఆ నెలలో చాలా రోజులు పని దొరక్క ఇంట్లోనే ఉన్నాడు. ఆ నెల ఇల్లు గడిచింది బీడీల మీద. కానీ సంపాదన అంటే బయటి నుంచి గుమ్మం దాటి లోపలికి వచ్చేది అనుకున్నంత కాలం, గుమ్మం లోపల పుట్టే సంపాదన 'ఊకె కూసుండుడే' అవుతుంది.

నానుడిలో ఇంకొక మాట మీద కూడా మనం ఆగాలి. 'ఇంటికి'. సంపాదించినవాడు ఇంటికి తెస్తాడని నానుడి ధీమాగా చెబుతుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992లో రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమం ఎందుకొచ్చింది? కూలి డబ్బు ఇంటికి రాకుండా సారా కొట్టు దగ్గరే ఆగిపోతున్నందుకు. అక్షరాలు దిద్దుకుంటూ, చర్చించుకుంటూ ఆ స్త్రీలు చేసిన లెక్క ఏ ఆర్థిక శాస్త్రవేత్త లెక్కకూ తీసిపోదు. సంపాదించడం వేరు, ఇంటికి చేరడం వేరు, తిండిగా మారడం వేరు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం తెచ్చింది ఆ లెక్కే. 1997లో మద్య నిషేధాన్ని సడలించారు, అది వేరే కథ.

ఇక మన కోర్టులు. 1994లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన రెండో షెడ్యూలులో, ప్రమాదంలో చనిపోయిన సంపాదన లేని భార్య ఆదాయాన్ని భర్త ఆదాయంలో మూడో వంతుగా లెక్కగట్టమన్నారు. అంటే లక్షాధికారి ఇంట్లో వండిన అన్నం ఖరీదు ఎక్కువ, రిక్షా కార్మికుడి ఇంట్లో వండిన అన్నం ఖరీదు తక్కువ! 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు గృహిణి సేవలకు నెలకు 3,000 రూపాయల చొప్పున విలువ కట్టింది. 2010లో అరుణ్ కుమార్ అగర్వాల్ కేసులో జస్టిస్ గంగూలీ, జనాభా లెక్కల్లో గృహిణులను భిక్షగాళ్ళతో, ఖైదీలతో కలిపి పని చేయనివాళ్ళ జాబితాలో వేయడాన్ని గట్టిగా విమర్శించారు. 2021 జనవరి 5న కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి.రమణ 2019 నాటి కాల వినియోగ సర్వేను ఉదహరించారు. అప్పట్లో జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చించారు. ఈ తీర్పులన్నీ మనకు పనికొచ్చేవే. కానీ ఒక్క విషయం మరచిపోకూడదు. ఇవన్నీ ఆమె చనిపోయాక కట్టిన విలువలు.

బతికున్న స్త్రీ విషయంలో మనకు నిత్యం ఎదురయ్యే చిక్కు ఒకటుంది. మనోవర్తి పిటిషన్ రాసేటప్పుడు ఆమె సంపాదనను రాస్తే భృతి తగ్గుతుందని, ఏ ఆధారమూ లేని దీనురాలని రాద్దామని వకీళ్ళు సలహా ఇస్తారు. పదిళ్ళలో పాచిపని చేసి పిల్లలను చదివిస్తున్న మనిషి చేత తాను ఏమీ చేయడం లేదని సంతకం చేయిస్తాం. అవతలివాడు ఆమె పనిచేసే ఇంటి ఫోటో తెచ్చి చూపిస్తే కేసు దెబ్బతింటుంది, ఆమె పరువూ పోతుంది. ఆ అవసరం లేదు. 2020 నవంబరులో రజనేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు, భార్య సంపాదిస్తున్నంత మాత్రాన మనోవర్తి హక్కు పోదని స్పష్టంగా చెప్పింది. ఇద్దరూ ఆదాయాల, ఆస్తుల వివరాలు అఫిడవిట్‌గా ఇవ్వాలంది. పాత 125వ సెక్షన్ 2024 జూలై నుంచి కొత్త చట్టంలో 144 అయింది, హక్కు అదే. పిల్లలను సాకే పనిలో అతని వాటా అతను ఇవ్వాలి కాబట్టి అడుగుతున్నాం, మన దగ్గర ఏమీ లేదు కాబట్టి కాదు.

ఆచరణలో మనం చేయగలిగినవి మూడు చెప్పి ముగిస్తాను.

మొదటిది, మన సర్వే ఫారాల్లో 'కుటుంబ పెద్ద', 'పోషకుడు' అనే గడులు తీసేద్దాం. వాటి స్థానంలో మూడు ప్రశ్నలు వేద్దాం. ఎవరెవరు సంపాదించారు? అందులో ఇంటికి ఎంత చేరింది? దాన్ని తిండిగా, ఉతికిన బట్టగా, స్కూలుకు వెళ్ళే పిల్లగా మార్చింది ఎవరు? మూడో ప్రశ్నకు జవాబు గంటల్లో రాయాలి. 'ఏం పని చేస్తారు' అని అడిగితే జవాబు రాదు. 'నిన్న పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశారు' అని అడిగితే వస్తుంది. ఇంట్లో మగవాళ్ళున్నా ఆమెనే అడగాలి.

రెండోది, 2013 ఆహార భద్రతా చట్టం 13వ సెక్షన్ ప్రకారం రేషన్ కార్డుకు సంబంధించినంత వరకు ఇంట్లో 18 ఏళ్ళు నిండిన స్త్రీలలో పెద్దామే కుటుంబ పెద్ద. రొట్టె కాపలాదారు పదవి చట్టం కనీసం ఒక్క చోట స్త్రీకి ఇచ్చింది. మీ ఊళ్ళో కార్డుల మీద ఎవరి పేరుందో, బియ్యం తేవడానికి వేలిముద్ర వేసేది ఎవరో, వచ్చిన బియ్యం ఏమవుతున్నాయో చూడండి.

మూడోది మన సంఘాల సంగతి. మన సమావేశాల్లో కూడా వంట ఎవరు చేస్తున్నారో, గిన్నెలు ఎవరు కడుగుతున్నారో, వాళ్ళు చర్చలో కూర్చోగలుగుతున్నారో లేదో గమనిద్దాం. ఈ రోజు మనకు అన్నం వండుతున్న ఇద్దరు అక్కలూ వంటింట్లోనే ఉన్నారు. భోజనాల తర్వాత గిన్నెలన్నీ మనమే కడుక్కుని, వాళ్ళు కూడా వచ్చి కూర్చున్నాకే చర్చ మొదలుపెడదామని నా ప్రతిపాదన. బీడీ కార్డుల గురించి నాకన్నా వాళ్ళకే బాగా తెలుసు.